గది గదికీ తిరిగిన వాసన

"అబ్బో! చాలా ఘాటుగా ఉందండీ!" అన్నాడు ఎలుకలు పట్టడానికొచ్చిన అబ్బాయి, గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో.

కుట్టుమిషను ముందు కూర్చున్న ఆ ఇంటమ్మాయి పిచ్చుక తల ఒక పక్కకి వంచి అతన్ని చూసింది. ఆ రోజు ఆ ఇంట్లో చచ్చిన ఎలుక వాసన రాని చోటు ఏదైనా ఉందంటే, అది ఆ ముందుగది ఒక్కటే. పొద్దున్నే ఫినాయిలు వేసి తనే కడిగింది.

"ఏం వాసనండీ?" అంది చేతిలో ఉన్న గుడ్డతో మాట్లాడుతున్నట్టు.

"అదేనండీ, ఎలుక."

"ఇక్కడ ఫినాయిలు వాసన తప్ప ఏమీ రావట్లేదే?"

ఎలుకలబ్బాయి ఒక్క క్షణం తడబడ్డాడు. భుజాన ఉన్న సంచీ సర్దుకుని, ముక్కు పైకెత్తి గట్టిగా గాలి పీల్చాడు. "ఫినాయిలు కింద ఉందండీ అసలు వాసన. మామూలువాళ్ళకి తెలియదు. మాకు ట్రైనింగ్ ఇస్తారు."

వాసనలో కిందా పైనా కూడా ఉంటాయా అనుకుంది పిచ్చుక. అడగలేదు. కొత్తవాళ్ళ ముందు ఆమెకి మాటలు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోతాయి. చూడటానికి మాత్రం సిగ్గు లేదు. ఏదైనా అర్థం కాకపోతే తల పక్కకి వంచి, కళ్ళు ఇంతింత చేసుకుని, అర్థమయ్యేదాకా అలా చూస్తూనే ఉంటుంది. అందుకే నానమ్మ ఆ పేరు పెట్టింది. ఇంట్లో అందరూ అదే పేరుతో పిలుస్తారు.

ఇప్పుడు ఆమెకి అర్థం కానివి రెండు. ఒకటి, వారం రోజులుగా ఇంటిని పట్టి పీడిస్తున్న కంపు ఎక్కడినుంచి వస్తోంది? రెండు, ఈ మనిషి అబద్ధం ఎందుకు చెప్పాడు?

మొదటిది ఆమెకి ప్రాణం మీదికి తెచ్చింది. రెండేళ్ళు రెడీమేడ్ బట్టల కంపెనీలో పనిచేసింది పిచ్చుక. రెండేళ్ళూ కాలర్లే కుట్టింది. తను కుట్టిన కాలరు ఏ చొక్కాకి అతుక్కుంటుందో, ఆ చొక్కా ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. చివరికి ధైర్యం చేసి నాన్నని అడిగి, ముందుగదిలో సొంతంగా కుట్టు మొదలుపెట్టింది. ఒక హోటలువాళ్ళు వెయిటర్ల తెల్లకోట్ల ఆర్డరిచ్చారు. మొదటి విడత పంపింది. "కోట్లు కంపు కొడుతున్నాయి" అని మూటకి మూట వెనక్కి వచ్చేసింది.

రేపు పొద్దున హోటలు మేడమ్ స్వయంగా వచ్చి మిగతా కోట్లు చూస్తానన్నారు.

"ఇవి కూడా వద్దంటే ఇంక చాలమ్మా," అని నాన్న నిన్ననే తేల్చేశాడు. "ముందుగది అట్టపెట్టెల వ్యాపారికి గోడౌనుకిచ్చేస్తాను. నువ్వు మళ్ళీ కంపెనీలో చేరిపో. కాలర్లేం పాపం చేశాయి?"

అందుకే ఎలుకలు పట్టే కంపెనీకి ఫోను వెళ్ళింది. ఆ కంపెనీ ఈ అబ్బాయిని పంపింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నవ్వితే ఒక పన్ను మిగతావాటికంటే ముందుకొచ్చి పలకరిస్తుంది.

"వాసన ఎక్కడ ఎక్కువగా వస్తోందో ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరూ చెప్పండి," అన్నాడు నడిమిగదిలో నిలబడి, డాక్టరు అడిగినట్టు.

"ఇంకెక్కడ? ఆ గుడ్డపేలికల సంచుల్లో," అన్నాడు నాన్న, కూతురు దాచుకున్న సంచులు చూపించి. "నిన్న పొద్దున సరిగ్గా అక్కడే వచ్చింది."

"కాదు బాబూ. ఈయనగారి పాత రేడియోల్లో," అంది అమ్మ. "ఎప్పటికైనా బాగుచేస్తానని అటకనిండా పేర్చారు. నిన్న మధ్యాహ్నం అటక కింద నిలబడలేకపోయాను."

"రేడియోలూ కాదు, పేలికలూ కాదు," అని మంచం మీదనుంచి నానమ్మ అందుకుంది. "వంటింటి అలమారాలో చూడు నాయనా. మా కోడలు దానికి తాళం వేస్తుంది. నాకు కనపడకుండా బిస్కెట్లు దాస్తుంది. దాచిన తిండికే ఎలుకలు వస్తాయి."

"అత్తయ్యా, డాక్టరు మీకు తీపి వద్దన్నాడు."

"డాక్టరు ఎలుకలకి వద్దన్నాడా?"

ఎలుకలబ్బాయి ముగ్గురికీ సమానంగా తలూపాడు. చేతికి తొడుగులు వేసుకుని సంచులు విప్పాడు. రంగురంగుల పేలికలు గదంతా పరుచుకున్నాయి. ఎలుక లేదు. అటకెక్కి రేడియోలు దించాడు. ఒక రేడియో వెనక నాన్న ఎప్పుడో పోగొట్టుకున్న కళ్ళజోడు దొరికింది. ఎలుక మాత్రం లేదు. బయట వాన మొదలైంది. కిటికీ రెక్కలు మూశాక వాసన ఇంకా చిక్కబడింది. అమ్మ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంది. నాన్న వసారాలోకి పారిపోయాడు.

పిచ్చుక మాత్రం అతన్ని గమనిస్తోంది.

నానమ్మ గదిలో అయితే ఎవరూ నిలబడలేని పరిస్థితి. నానమ్మ ఒక్కతే, ముక్కు కింద బామ్ దట్టంగా పట్టించుకుని ఉండగలుగుతోంది. అలాంటి గదిలో ఎలుకలబ్బాయి కింద చతికిలబడి కూర్చున్నాడు. నానమ్మ తలగడ కిందనుంచి తీసిచ్చిన బిస్కెట్టు కరకరా నమిలి తింటున్నాడు.

"బాగుంది మామ్మగారూ. ఇంకోటుందా?"

పిచ్చుక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తల ఇంకొంచెం వంగింది. ఆ కంపులో బిస్కెట్టు తినడానికి ఏ ట్రైనింగిస్తారో ఆమెకి తోచలేదు.

తరువాత అతను వంటింట్లోకి వెళ్ళాడు. అమ్మ గొణుక్కుంటూ అలమారా తాళం తీసి, పొయ్యి మీద పాలు చూస్తుండమని కూతురికి చెప్పి పక్కింటికి బకెట్టు తేవడానికి వెళ్ళింది. పిచ్చుకకి ముందుగదిలో వాన జల్లు గుర్తొచ్చింది. కోట్ల గుడ్డ తడుస్తుందేమోనని పరుగెత్తింది. కిటికీ గడియ ఎంతకీ పడలేదు. గడియతో కుస్తీ పడుతుంటే మాడిన పాల వాసన ముక్కుకి తగిలింది.

గబగబా వంటింట్లోకి వచ్చేసరికి గిన్నె నల్లబడి పొగలు కక్కుతోంది. ఎలుకలబ్బాయి పొయ్యి పక్కనే, అలమారాలో తలదూర్చి, హాయిగా ఈల వేస్తున్నాడు.

ఆమె పొయ్యి కట్టేసింది. "పాలు మాడిపోతుంటే చెప్పరేంటండీ?"

అతను తల బయటికి తీశాడు. గిన్నెని చూశాడు. పొగని చూశాడు. ఆమెని చూశాడు. ఈల ఆగిపోయింది.

"మీకు వాసన రాలేదా?"

"పనిలో ఉండి..."

"మీకు వాసనలు తెలియవు కదా?"

అంత సూటిగా తను ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. అడిగేశాక భయం వేసింది. కానీ చూపు తిప్పుకోలేదు. తెలుసుకోవాలన్న ఆత్రం భయాన్ని మోచేత్తో పక్కకి తోసేసింది.

ఎలుకలబ్బాయి అలమారా తలుపు మెల్లగా మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"పోయినేడు జ్వరమొచ్చిందండీ. జ్వరం తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు బేకరీలో చేసేవాణ్ణి. ఒకరోజు రొట్టెల ట్రే మొత్తం బొగ్గయిపోయింది. నేను దాని ఎదురుగానే నిలబడి ఇలాగే ఈల వేస్తున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది.

"నవ్వండి పర్లేదు. మా ఓనరు తప్ప అందరూ నవ్వారు."

"మరి ఈ పనికెలా కుదిరారు?"

"అందరూ పారిపోయే పని కదా. నాకైతే ఇబ్బందే లేదనుకున్నాను. ఈ కంపెనీ ఓనరుకి చెప్పలేదు. ఏ ఇంటికి వెళ్ళినా ఎక్కడ ఎక్కువ వస్తోందని అడుగుతాను. వాళ్ళు చూపించిన చోట వెతుకుతాను. ఇన్నాళ్ళూ బండి బాగానే నడిచింది. మీ ఇంట్లోనే..."

"మా ఇంట్లో ఎవరూ వాసన వచ్చే చోటు చూపించలేదండీ," అంది పిచ్చుక. "ఎవరికి దేని మీద ఒళ్ళుమంటో దాన్ని చూపించారు."

ఈసారి అతను నవ్వాడు. ముందుకొచ్చిన పన్ను పలకరించింది. పిచ్చుక వెంటనే మాడిన గిన్నె తోమడంలో పడిపోయింది.

"మీ నాన్నగారికి చెప్పేస్తారా?" అన్నాడు అతను.

"సాయంత్రంలోగా ఎలుకని పట్టండి. చెప్పను."

"ముక్కు లేకుండా ఎలా పట్టమంటారు?"

"నా ముక్కు ఉందిగా?"

అనేశాక ఆమె చెవులు వెచ్చబడ్డాయి. అతను మాత్రం ఆ మాటని చాలా శ్రద్ధగా తీసుకున్నాడు. ఏదో పరికరాన్ని చూసినట్టు ఆమె ముక్కుని పరీక్షగా చూశాడు.

"పనికొస్తుంది. కానీ అది ఇప్పుడు అలిసిపోయి ఉంటుంది. వారంగా ఇదే గాలి పీలుస్తున్నారు కదా. ముక్కు ఒక వాసనకి అలవాటు పడిపోతే పట్టించుకోవడం మానేస్తుందట. నాది పోయాక ముక్కుల గురించి దొరికిందల్లా చదివాను. మీరు బయటికి వెళ్ళి, వీధి చివరి దాకా నడిచి రండి. లోపలికొచ్చాక ప్రతి గుమ్మంలో పీల్చే మొదటి ఊపిరే నమ్మండి. రెండోది నమ్మొద్దు."

వానలో గొడుగేసుకుని వీధి చివరిదాకా వెళ్ళింది పిచ్చుక. వాన ఆమెతో సరసాలాడింది. గొడుగు ఎటు వంచితే ఆ రెండో పక్కనుంచి వచ్చి తడిపింది. వెనక్కి తిరిగి చూస్తే అతను వసారాలో నిలబడి, "చాలు, చాలు, ఇంక రండి" అని చేతులూపుతున్నాడు. ఏదో ఓడని రేవులోకి పిలుస్తున్నట్టు.

ముందుగది గుమ్మం. ఏమీ లేదు. నడిమిగది. కొంచెం. నానమ్మ గది గుమ్మంలో మొదటి ఊపిరికే రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇక్కడే! కచ్చితంగా ఇక్కడే!"

"నేను చెప్పలా?" అంది నానమ్మ, చెప్పకపోయినా.

ఇంకేముంది! నానమ్మ మంచం బయటికి వచ్చింది. నానమ్మ దాని మీద ఉండగానే వచ్చింది. ట్రంకుపెట్టె వచ్చింది. పాత పరుపు వచ్చింది. గది సగం ఖాళీ అయ్యేలోగా పిచ్చుక తనకి అలవాటైన పని తను చేసుకుంది. ఆ గదిలో దాచిన కోట్ల మూట భుజాన వేసుకుని, మహారాణిని చక్రాల మీద దొర్లించుకుంటూ వంటింటి వెనక వరండాలోకి తీసుకుపోయింది.

మహారాణి అంటే దర్జీబొమ్మ. తలా చేతులూ లేకుండా మెడ నుంచి నడుము దాకా ఉండి, చక్రాల కర్ర మీద నిలబడుతుంది. ఏదో మూసేసిన దుకాణంలో పిచ్చుక ఏరికోరి తెచ్చుకుంది. వెయిటర్ల పొట్టలకి తగ్గట్టు దాని లోపల పేలికలు కుక్కి లావు చేసింది. కుట్టిన కోటు దానికి తొడిగి, చుట్టూ తిరిగి చూసుకుని, "ఎలా ఉంది మహారాణీ?" అని అడుగుతుంది. ఇంట్లో ఆమె అందరికంటే ఎక్కువ మాట్లాడేది దానితోనే.

నానమ్మ గది మూలమూలా వెతికారు. ఏమీ దొరకలేదు.

"ఇంకోసారి వెళ్ళి రండి," అన్నాడు ఎలుకలబ్బాయి, నుదుటి చెమట తుడుచుకుని.

పిచ్చుక మళ్ళీ వానలోకి వెళ్ళి వచ్చింది. నానమ్మ గది గుమ్మంలో ఊపిరి పీల్చి తెల్లబోయింది.

"లేదు."

"ఏం లేదు?"

"వాసన. దాదాపు పోయింది." గది గదీ దాటుకుంటూ వెళ్ళింది. వెనక వరండా దగ్గర గభాల్న ముక్కు మూసుకుంది. "ఇక్కడుంది! ఇక్కడికొచ్చేసింది!"

అందరూ అక్కడ పోగయ్యారు.

"చచ్చిన ఎలుక నడుస్తుందటే?" అంది నానమ్మ మంచం మీదనుంచి కేకేసి.

"చావలేదేమో. బతికుండగానే కంపు కొడుతోందేమో," అన్నాడు నాన్న.

ఎలుకలబ్బాయి ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. "సార్, నిన్న పొద్దున పేలికల దగ్గర వచ్చిందన్నారు. ఆంటీ, మధ్యాహ్నం అటక కింద వచ్చిందన్నారు. ఇందాకటిదాకా మామ్మగారి గది. ఇప్పుడు వరండా. అంటే అది ఇంట్లో తిరుగుతోంది. ఈ చోట్లన్నిటికీ తిరిగిందెవరు?"

పిచ్చుక మెల్లగా చెయ్యెత్తింది.

"నేనే."

అలా అన్నాక, ఆ మాటకి అర్థం ఏమిటో ఆమెకే తట్టింది. మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున నానమ్మ దగ్గరికి వెళ్ళి, మెడ వంచి, "నానమ్మా, నన్ను వాసన చూడు!" అంది ఏడుపు గొంతుతో.

"నాకు బామ్ వాసన తప్ప ఏదీ తెలియట్లేదే."

"అమ్మా, నువ్వు చూడు!"

"ఛీ, ఊరుకో. మాకందరికీ ఒకే కంపు కొడుతోంది. నీదేదో ఇంటిదేదో ఏం తెలుస్తుంది?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇల్లంతా తిరిగిన కంపు తనదేనా? కోట్లకి అంటించింది తనేనా? తెలియకుండానే ఎలుకలబ్బాయి వైపు చూసింది. అతను దగ్గరికొచ్చి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు.

"నన్నలా చూడకండి. ఈ ఊళ్ళో మీ మీద తీర్పు చెప్పలేనివాణ్ణి నేనొక్కణ్ణే."

ఏడుపులోంచే నవ్వు తన్నుకొచ్చింది ఆమెకి.

"సరే, చెప్పండి," అన్నాడు అతను. "గది మారినప్పుడల్లా ఒక్కరే వెళ్ళేవారా?"

"ఒక్కదాన్నే."

"ఉత్త చేతులతోనా?"

"ఉత్త చేతులతో ఎందుకు వెళ్తాను? ఎక్కడ వాసనొస్తే అక్కడినుంచి కోట్లు తీసేసి దూరంగా పెడుతున్నాను కదా, వాటికి అంటకూడదని. కోట్లూ, మహా..."

మాట అక్కడే తెగిపోయింది.

ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. వరండా మూలలో, తెల్లకోటు తొడుక్కుని, పొట్ట ముందుకి పెట్టుకుని, తల లేకపోయినా తలెత్తుకుని ఉన్నట్టు నిలబడి ఉంది మహారాణి. కోటు అంచు కింద రెండు ఈగలు చక్కర్లు కొడుతున్నాయి.

"నేనే మోసుకు తిరిగాను," అంది పిచ్చుక నీరసంగా. "వాసన నుంచి పారిపోతున్నాననుకుని దాన్ని వెంటపెట్టుకుని తిరిగాను."

"ఎలుకకి ఇల్లంతా చూపించారు," అన్నాడు అతను. "చచ్చాక కూడా అంత మర్యాద ఎవరు చేస్తారు?"

అందరినీ దూరంగా ఉండమని అతను మూతికి గుడ్డ కట్టుకున్నాడు. వాసన కోసం కాదు, రోగాలు అంటకుండా. కోటు విప్పి, మహారాణిని పాత కాగితాల మీద బోర్లా పడుకోబెట్టాడు. నడుము కింద, కర్ర దూరే చోట పిడికిలంత రంధ్రం ఉంది. అందులోంచి పేలికలు ఒక్కొక్కటే లాగాడు. చివరి ఉండలో చిట్టెలుక వెచ్చగా గూడు కట్టుకుని పడుకున్నట్టే ఉంది.

"నేను పెట్టిన ఎలుకలమందు తిన్నదే అయ్యుంటుంది," అన్నాడు నాన్న, ఇంత సేపటికి గొంతు తగ్గించి.

"అవును సార్. మందు తిన్నాక చీకటీ వెచ్చదనం ఉన్న చోటు వెతుక్కుంటాయి. బొమ్మని ఎప్పుడో నేల మీద పడుకోబెట్టి ఉంటారు, అప్పుడు దూరింది."

ఇల్లు కడిగిన రోజు బొమ్మని పడుకోబెట్టింది అమ్మే. అమ్మ ఆకాశం వైపు చూసి, "ఈ వాన ఇప్పట్లో తగ్గేలా లేదు," అంది.

ఎలుకనీ, పేలికలనీ ఒక కవరులో వేసి మూతి బిగించి, దాన్ని ఇంకో కవరులో వేసి కట్టాడు. మహారాణి కడుపుని బ్లీచింగు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచాడు. తుడిచిన గుడ్డ కూడా కవరులోకే పోయింది. కిటికీలన్నీ బార్లా తెరిపించాడు. గది గదికీ ఒక గిన్నెలో బొగ్గులు పెట్టించాడు. మిగిలిన వాసనని అవి మెల్లగా లాగేసుకుంటాయన్నాడు.

అంతా అయ్యాక కోట్ల మూట మిగిలింది. వారం రోజులు మహారాణి పక్కనే పడుకున్న కోట్లు. బయట వాన. రేపు పొద్దున మేడమ్.

"వెనిగర్ ఉందా?" అన్నాడు ఎలుకలబ్బాయి. "గోరువెచ్చటి నీళ్ళల్లో కలిపి నానబెట్టాలి. ఆ తరవాత సబ్బు."

"మీ డ్యూటీ అయిపోయిందిగా?"

"అయిపోయింది. అందుకే చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాను."

సాయంత్రమంతా కోట్లు పిండారు. ఇంటినిండా తాళ్ళు కట్టి ఆరేశారు. నడిమిగదిలో అటూ ఇటూ తిరగాలంటే తెల్లకోట్ల మధ్య నుంచి దూరిపోవాలి. ఒక కోటు పక్కకి జరిపితే అతను, ఇంకోటి జరిపితే ఆమె. ఫ్యాను గాలికి కోట్ల చేతులు ఊగి ఇద్దరినీ తడుతున్నాయి. పిచ్చుక ఇస్త్రీ పెట్టె పట్టుకుని, అతను ఇటు చూడనప్పుడు అతన్ని చూస్తోంది. అతను చూడగానే కోటు గుండీలు లెక్కపెడుతోంది.

"ఒకటి అడగనా?" అంది చివరికి, గుండీలతో.

"అడగండి."

"ఏ వాసన పోయినందుకు మీకు ఎక్కువ బాధగా ఉంటుంది? రొట్టెలదా?"

అతను కోటు చెయ్యి ఒకటి సరిచేస్తూ ఆలోచించాడు. "అందరూ అదే అనుకుంటారు. రొట్టె రుచి తగ్గిందంతే. కానీ మా అమ్మ పక్కన కూర్చుంటే, ఎవరో పక్కింటావిడ పక్కన కూర్చున్నట్టుంటుంది. మొహం చూస్తే అమ్మే. కళ్ళు మూసుకుంటే ఎవరూ లేరు."

పిచ్చుక చేతిలో ఇస్త్రీ పెట్టె ఒకే చోట ఆగిపోయింది.

"మాడుతోందండీ," అన్నాడు అతను. "ఈసారి నేనే ముందు చూశాను. కంటితో."

పొద్దున్నే హోటలు మేడమ్ వచ్చారు. పొట్టిగా ఉన్నా, గదిలోకి రాగానే గది ఇరుకైనట్టనిపించే మనిషి. ఎలుకలబ్బాయి లేడు, వేరే ఇంటికి డ్యూటీ పడింది. కోట్లకి వాసన పోయిందో లేదో చెప్పగల ముక్కు ఇంట్లో ఒక్కటీ లేదు. వానలో నడిచి వచ్చి చూసినా పిచ్చుకకి నమ్మకం కుదరలేదు. భయం పట్టిన ముక్కు ఉన్నదీ లేనిదీ రెండూ పీలుస్తుంది.

"ఎలుక గిలుక అనకు," అని నాన్న చెవిలో ఊదాడు. "కొత్తగుడ్డ వాసన అని మొన్న నేను చెప్పాను. అదే చెప్పు."

మేడమ్ ఒక కోటు అందుకుని, "మొన్నటివాటి సంగతేంటమ్మా?" అన్నారు.

పిచ్చుక గొంతులో మాట అక్కడే కూర్చుండిపోయింది. మామూలుగా అయితే అక్కడే ఉండిపోయేది. కానీ ముందురోజు వంటింట్లో, పొగల మధ్య, ఉద్యోగం పోతుందని తెలిసీ నిజం చెప్పిన మనిషిని చూసింది ఆమె. చెప్పాక అతని మొహం తేలికపడటం కూడా చూసింది.

"ఎలుక చచ్చిందండీ," అంది. గుడ్డతో కాదు, మేడమ్‌తోనే. "కోట్లు తొడిగే ఈ బొమ్మలో. నాకు తెలియక పక్కనే పెట్టుకుని కుట్టాను. నిన్న తీసేశాం. కోట్లన్నీ వెనిగరు నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేశాను. ఇంకా వాసనొస్తుంటే చెప్పండి. మొత్తం మళ్ళీ కుడతాను. గుడ్డ నాదే."

నాన్న కళ్ళు మూసుకున్నాడు.

మేడమ్ కోటుని మొహానికి దగ్గరగా పెట్టుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చారు. ఇంకో కోటు తీశారు. చంకల దగ్గర చూశారు.

"వెనిగరు," అన్నారు.

"గాలికి ఆరేస్తే పోతుందండీ."

"పోకపోయినా ఏం కాదు. హోటలు వంటింట్లో అన్నిటికంటే ఎక్కువ వాడేది అదే. మా వెయిటర్లకి అలవాటే." కోటు మడతపెట్టారు. "మొన్న మీ నాన్నగారు కొత్తగుడ్డ వాసనన్నారు. నేను ఇన్నేళ్ళు హోటల్లో స్టోర్లు చూశాను. నాకు ఎలుక కంపు తెలియదా? అబద్ధమాడితే వెనక్కి పంపాను. ఎలుక అనే చెప్పుంటే సబ్బు పంపేదాన్ని." తలుపు దాకా వెళ్ళి ఆగారు. "కుట్టు బాగుంది. ముఖ్యంగా కాలర్లు. వచ్చే నెల వంటవాళ్ళ కోట్లు కావాలి."

ఆమె వెళ్ళాక నాన్న చాలాసేపు వసారాలో పచార్లు చేశాడు. తరువాత అట్టపెట్టెల వ్యాపారికి ఫోను చేసి, గది ఖాళీ లేదని కేకలేసినట్టు చెప్పి పెట్టేశాడు. పాపం అవతలాయన ఏమీ అనలేదు కూడా.

నాలుగు రోజులయ్యాక వీధిలో బండి ఆగింది.

"రీచెకింగ్ అండీ," అన్నాడు ఎలుకలబ్బాయి గుమ్మంలో నిలబడి. సంచీ లేదు, తొడుగులు లేవు. తల నున్నగా దువ్వుకున్నాడు. "వాసన పోయిందో లేదో చూడటానికి వచ్చాను."

పిచ్చుక కుట్టు ఆపింది. "మీరెలా చూస్తారు?"

"చూడలేను. అందుకే మిమ్మల్ని అడగడానికి వచ్చాను."

"కంపెనీ పంపిందా?"

"లేదు. కంపెనీకి అసలు విషయం చెప్పేశాను. ఓనరు నెత్తి కొట్టుకుని, నాకు జతగా ఇంకొకణ్ణి ఇచ్చాడు. వాడి ముక్కు, నా చేతులు." కాసేపు తటపటాయించాడు. "వాడు మంచివాడే. కానీ వాడితో పని చేస్తుంటే ఎందుకో మీ ఇల్లే గుర్తొస్తోంది."

బయట తుంపర మొదలైంది. పిచ్చుక అతనికి స్టూలు జరిపింది. అతను కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడీ గదిలో ఏం వాసనొస్తోందో చెప్పండి. అన్నీ."

ఆమె తల పక్కకి వంచి ఊపిరి పీల్చింది. "కొత్త నూలుగుడ్డ. మిషను ఆయిలు. ఇప్పుడే ఆపిన ఇస్త్రీ పెట్టె. వానకి తడిసిన మీ బండి సీటు. లోపల నానమ్మ బామ్."

"ఇంకా?"

"అంతే."

"మీరు?"

పిచ్చుక వేళ్ళు దారం కొస వెతుక్కున్నాయి. "ఎవరి వాసన వాళ్ళకెలా తెలుస్తుందండీ?"

"నేను చెప్తాను నాయనా!" అని లోపలి మంచం మీదనుంచి నానమ్మ గొంతు ఖంగుమంది. "పౌడరు వాసన! వీధి మలుపులో నీ బండి చప్పుడు వినగానే పరుగెత్తికెళ్ళి సగం డబ్బా రాసుకుంది! బామ్‌లోంచి కూడా కొట్టింది నాకు!"

"అత్తయ్యా!" అంది అమ్మ వంటింట్లోంచి. ఆ వెంటనే కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. మామూలుగా వచ్చినవాళ్ళకి పెట్టేవి కాదు, పై అరలో దాచిన మంచి కప్పులు. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు ఊగుతోంది.

ఎలుకలబ్బాయి కళ్ళు తెరిచాడు. ఎర్రబడిన మొహాన్ని దాచుకోవడానికి పిచ్చుక కుడుతున్న కోటు అందుకుంది. అందుకుని, ఎందుకో మళ్ళీ కింద పెట్టేసింది. గుడ్డ వైపు కాక, తిన్నగా అతని కళ్ళల్లోకి చూసింది.

"మీకెలాగూ తెలియదని నాకు తెలుసు," అంది. "అయినా రాసుకున్నాను."